అవతలి దెబ్బ

మా వరహాలు మావయ్యకి గుసగుసలాడటం రాదు. రహస్యం చెబుతున్నానంటూ నా చెవి దగ్గరికి వంగి ఆయన అనే మాట, పక్క వీధి కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్లకి కూడా వినిపిస్తుంది. తప్పు ఆయనది కాదు. వయసంతా వేగన్ల పక్కన నిలబడి, గాలితో కొట్టే గన్ను పట్టుకుని రివిట్లు కొట్టాడు. ఆ మోతకి ముందు ఎడమ చెవి పోయింది. తర్వాత కుడిది కూడా దాన్ని చూసి నేర్చుకుంది. ఇప్పుడు మన మాట ఆయన వింటున్నాడో, పెదాలు చూసి ఊహిస్తున్నాడో ఎవరికీ తెలీదు. నచ్చని మాటైతే మాత్రం రెండు చెవులూ ఒకేసారి మూసుకుపోతాయి.

ఆయన మా అమ్మకి అన్న. ఊరు పద్మనాభం దగ్గర. కాస్త వరి పొలం ఉంది కానీ దాన్ని నమ్ముకుని బతకలేక, ఊళ్లో ఉంటూనే రోజూ విశాఖపట్నం పనికొచ్చేవాడు. తెల్లారకముందే ఒక బస్సు, మద్దిలపాలెంలో దిగి ఇంకో బస్సు, ఆ తర్వాత పోర్టు అవతల వేగన్లు బాగుచేసే ఒక ప్రైవేటు యార్డు. బొగ్గు మోసి, ఇనప రాయి మోసి పక్కలు చిరిగిపోయిన వేగన్లు అక్కడికొస్తాయి. చిరిగిన రేకు ఊడదీసి కొత్త రేకుకి రివిట్లు కొట్టడం ఆయన పని. మా నాన్నని ఆ పనిలో పెట్టిందీ ఆయనే. పెట్టాక మనిషి నచ్చి చెల్లెల్నిచ్చాడు. "పని సూసి పిల్లనిచ్చినాను, మొకం సూసి కాదు" అని నాన్న ఎదురుగానే అనేవాడు. నాన్న నవ్వేవాడు. నాన్న పేరు గురువులు.

రివిట్టు ఒక్క మనిషి కొట్టలేడు. ఇది తెలియకపోతే మావయ్య అర్థం కాడు కాబట్టి చెబుతున్నాను. రేకుకి ఇవతల గన్ను మనిషి, అవతల వేగను లోపల డాలీ మనిషి ఉండాలి. డాలీ అంటే పిడికిట్లో పట్టే ఇనప దిమ్మ. దాని మొహాన రివిట్టు తల ఇమిడేంత చిన్న గుంట ఉంటుంది. కొలిమిలో కాలిన రివిట్టుని లోపలి మనిషి పట్టకారుతో కన్నంలో దూర్చి, తల మీద డాలీ ఆనించి, ఒంటి బరువంతా పెట్టి తొయ్యాలి. అప్పుడు బయటి మనిషి, ఇవతలికి పొడుచుకొచ్చిన తోకని కొట్టి అణిచి రెండో తల చేస్తాడు. లోపలి మనిషి ఆనించకముందే కొట్టాడో, రివిట్టు ఎగిరి ఆ మనిషి మొహానే తగలొచ్చు. ఒకరికొకరు కనపడరు. ఆ మోతలో కేకలు వినపడవు. అందుకని బయటి మనిషి సుత్తితో రేకు మీద రెండు దెబ్బలు వేస్తాడు, పట్టావా అని. లోపలి మనిషి డాలీతో ఒక్క దెబ్బ వేసి ఆనిస్తాడు, పట్టాను అని. ఆ ఒక్క దెబ్బా పడకుండా మావయ్య జన్మలో గన్ను నొక్కలేదు. దాన్ని ఆయన చెవితో వినడు. రేకు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, ఆ చేత్తో వింటాడు.

మావయ్య గన్ను, నాన్న డాలీ. నేను పుట్టకముందు నుంచీ అంతే. ఎప్పుడైనా సూపర్‌వైజరు వాళ్లని విడదీసి వేరే జతల్లో వేస్తే, ఇద్దరూ ఒంట్లో బాగోలేదని చెప్పి వచ్చేసేవారు. "ఈళ్లిద్దరూ ఒకర్నొకరు కట్టుకుంటే పోయేది, మజ్జిన నన్నెందుకు ఇరికించినారో" అనేది అమ్మ.

నాన్నకి చిలిపి బుద్ధి ఒకటుండేది. అప్పుడప్పుడు కావాలనే బదులివ్వకుండా లోపల కూర్చునేవాడు. ఎర్రగా ఉన్న రివిట్టు తోక కళ్లముందే నల్లబడిపోతుంటే మావయ్య బయట బూతులు లంకించుకునేవాడు. ఆయన గొంతు తారస్థాయికి వెళ్లాక లోపలి నుంచి టక్కున ఒక దెబ్బ. సాయంత్రం ఇంటికొచ్చి అదే చెప్పుకుని మళ్లీ నవ్వుకునేవారు. మాకు అందులో ఏం నవ్వుందో ఎప్పుడూ అర్థం కాలేదు.

పోయిన ఎండాకాలం, ఒక బొగ్గు వేగనులో, రివిట్టు దూర్చాక నాన్న బదులివ్వలేదు. మావయ్య రెండు దెబ్బలు వేశాడు. ఆగాడు. మళ్లీ వేశాడు. తోక ఎరుపు తగ్గి నల్లబడింది. తిట్టాడు. అయినా లేదు. నీకెంత సరదానో నాకూ అంతే సరదా అనుకుని గన్ను కింద పెట్టి, నీడలోకి పోయి కూర్చుని, నీళ్లు తాగి, బీడీ ముట్టించాడు. బీడీ అయిపోయాక లేచి మళ్లీ కొట్టాడు. అప్పటికీ పలక్కపోతే వేగను ఎక్కి లోపలికి చూశాడు. నాన్న కుడిపక్కకి ఒరిగి పడున్నాడు. నోటి పక్కన బొగ్గుపొడి కలిసిన చొంగ. డాలీ చేతి కిందే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు, ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదన్నాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు, మామూలుగా అన్నాడు. మావయ్యకి ఏ మాటా ఓ పట్టాన వినపడదు. ఆ మాట వినపడింది.

పక్షవాతంతో నాన్నకి కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది, మాట పోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది: బావ. నీళ్లు కావాలన్నా బావే, పక్కకి తిప్పమన్నా బావే, దోమ కుట్టినా బావే. ఇరవై నాలుగ్గంటలూ ఒళ్లు తుడిచి అన్నం పెట్టే అమ్మని పిలవడానికి కూడా ఆ మాటే. మొదట్లో అమ్మ ఏడ్చేది, తర్వాత ఒళ్లు మండేది, ఆ తర్వాత అలవాటు పడిపోయింది. ఇప్పుడు నాన్న బావ అంటే ఇంట్లో ఎవరం తల తిప్పం.

యార్డులో మావయ్యకి వేరే డాలీ మనిషినిచ్చారు. ఆ మనిషి దెబ్బ వేసేవాడు, మావయ్య నమ్మేవాడు కాదు. ఆనించినావా, నిజంగా ఆనించినావా అని వేగను ఎక్కి చూసొచ్చి మరీ కొట్టేవాడు. ఈలోగా రివిట్టు చల్లారిపోయేది. ఎలాగూ వేగన్లకి ఇప్పుడు రివిట్లు తగ్గిపోయి, మిషనుతో బిగించే బోల్టులొస్తున్నాయి. సూపర్‌వైజరు విసుగెత్తి మావయ్యని గేటు దగ్గర కూర్చోబెట్టాడు. చెవులు వినపడని వాచ్‌మన్. లారీవాడు హారన్ కొట్టీ కొట్టీ దిగొచ్చి భుజం తట్టి లేపాలి. ఇదీ ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆదివారం వస్తే మాత్రం మా ఇంటికి హాజరు. మాది గాజువాక దగ్గర రెండు గదుల ఇల్లు. వచ్చి నాన్న మంచం పక్కన స్టూలు లాక్కుని, ఆ కుడి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తెరిచేవాడు, మూసేవాడు. "ఈ సెయ్యి ఎక్కడికీ పోలేదమ్మీ, పడుకుంది. లేపాలంతే" అనేవాడు నాతో. ఫిజియో అమ్మాయి మానేసి చాలా కాలమైంది. డాక్టరు కూడా, వచ్చేదేమైనా ఉంటే ఈపాటికి వచ్చేసి ఉండేది, ఇంక ఇంతే అని తేల్చేశాడు. అమ్మ ఒప్పేసుకుంది. నేనూ ఒప్పేసుకున్నాను. నాన్న ఒప్పుకున్నాడో లేదో అడిగే దారి లేదు. ఒప్పుకోనిది మావయ్య ఒక్కడే. ఆ చెయ్యి లేస్తే ఆ బీడీ కాల్చిన పాపం పోతుందని ఆయన లోపల ఎక్కడో గట్టిగా పట్టుకున్నాడు. నోరు తెరిచి అనలేదు. అనక్కర్లేదు.

ఆ పెట్టె తెప్పించింది నేను. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫోన్లెత్తడం నా ఉద్యోగం. ఫోన్లు రానప్పుడు నా ఫోను చూసుకోవడం నా రెండో ఉద్యోగం. అందులో కనపడింది, ఆవిరితో నడిచే బుల్లి రైలింజను. ముక్కలు ముక్కలుగా పంపుతారు, మనమే బిగించుకోవాలి. ఎడమ చేత్తోనైనా స్క్రూలు తిప్పుతాడేమో, పొద్దుపోతుంది కదా అని తెప్పించాను. నాన్న దాన్ని కళ్లెత్తి చూడలేదు. మావయ్య మాత్రం పెట్టె మీది ఆకుపచ్చ ఇంజను బొమ్మని చాలాసేపు చూసి, ముక్కలన్నీ చాప మీద పరిచాడు. ఇత్తడి రేకులు, చక్రాలు, స్క్రూలు, చిన్న ప్లాస్టిక్ కవరు నిండా ఆవగింజ తలంత రివిట్లు. ఆ కవరు చూడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఇయ్యేటి కోడలా?"

ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో ఉంది. చదివి తెలుగులో చెప్పాను. "నీళ్ల టాంకీ పక్క రేకులకి పెట్టాలట మావయ్యా. కన్నంలో దూర్చి, వెనకాల చుక్క గమ్ము పెట్టి, మిగిలిన తోక కత్తిరించేయాలట."

"గమ్మా?" అన్నాడు. తప్పుగా విన్నాననుకుని చెయ్యి చెవి వెనక పెట్టుకుని మళ్లీ వంగాడు.

"గమ్మే. అవి ఉత్తుత్తి రివిట్లు మావయ్యా. చూడ్డానికి అందంగా ఉండాలని. రేకుని పట్టుకునేవి స్క్రూలు."

"మరియ్యేటి పట్టుకుంటాయి?"

"ఏమీ పట్టుకోవు."

మావయ్య ఒక రివిట్టు అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించాడు. తల ఉంది, తోక ఉంది, లోటేం లేదు. "ఏటీ పట్టుకోకపోతే ఇంకెందుకే ఇది?" అన్నాడు. నన్నే తిట్టినట్టుంది. కొట్టకూడదని పుస్తకంలో రాసుంది, కొడితే పల్చటి రేకు పాడవుతుందట అని కూడా చెప్పాను. "ఆ బుక్కు రాసినోడు ఎప్పుడైనా రివిట్టు కొట్టినాడేటి?" అని ఆ విషయం అక్కడితో కొట్టిపారేశాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. డబ్బా మూసేద్దామనుకున్నాను. కానీ ఆయన అప్పటికే నాన్న వైపు తిరిగి, మొహం వెలిగిపోతూ, ఆ రివిట్టుని నాన్న కళ్ల ముందు ఆడిస్తున్నాడు. "బావా, ఇటు సూడు. నీకు పనొచ్చింది."

తర్వాతి ఆదివారానికి సంచి నిండా సరంజామాతో దిగాడు. యార్డు గేటు దగ్గర కూర్చుని ఒక లావు బోల్టుని ఆకురాయితో అరగదీసి డాలీ చేశాడు. దాని మొహాన ఆవగింజ ఇమిడే గుంట, పట్టుకోడానికి పాత సైకిల్ ట్యూబు చుట్టిన పిడి. కంసాలి దగ్గర అడిగి తెచ్చిన చిన్న సుత్తి. ఇత్తడి రేకు నిలబెట్టి బిగించడానికి చెక్క చట్రం. అరచెయ్యంత రేకుకి ఈ హంగామా అంతా చూసి అమ్మ, "ఇంక కొలిమొకటే తక్కువ" అంది.

చట్రాన్ని మంచం పక్కన బల్ల మీద పెట్టి, నాన్నని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాడు. డాలీని నాన్న కుడి చేతిలో పెట్టి, జారిపోకుండా పాత తువ్వాలు చీరి కట్టాడు. చెయ్యెత్తి రేకు వెనక్కి చేర్చాడు. అంతా అయ్యాక ఏదో వెలితిగా అనిపించి, అమ్మ పాత చీర ఒకటి అడిగి, చట్రం పైన తాడు కట్టి మధ్యలో వేలాడదీశాడు. ఒక పక్క నాన్న, ఇంకో పక్క ఆయన. మనిషి కనపడితే పని సాగదట. నన్ను నాన్న వైపు కూర్చోబెట్టి కన్నాల్లో రివిట్లు దూర్చే పని ఇచ్చాడు. పట్టకారుకి బదులు నా కనుబొమల చిమ్టా.

రివిట్టు దూర్చాను. చీర అవతల మావయ్య సుత్తితో మెల్లిగా రెండు దెబ్బలు వేసి, ఎడమ చేతివేళ్లు రేకు అంచున ఆనించి ఆగాడు.

నాన్న చెయ్యి చచ్చిన చేపలా అలాగే ఉంది. నాన్న దానివంక చూశాడు. నుదుటన చెమట పట్టింది. దవడ బిగిసింది. భుజం కాస్త ఎగిరింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

మావయ్య మళ్లీ రెండు దెబ్బలు వేశాడు. మళ్లీ ఆగాడు.

మధ్యాహ్నమంతా అదే. నాన్న ఎడమ చెయ్యి డాలీ వైపు వచ్చింది. చీర కింద నుంచి అది చూసి మావయ్య లేచొచ్చి, ఆ చేతిని తీసి నాన్న ఒళ్లో పెట్టేశాడు. "ఆ సెయ్యి కాదు బావా. దాంతో నాకు పన్లేదు." నాన్న కళ్లవెంట నీళ్లు కారాయి. ఆ నీళ్లు చెమటో ఏడుపో నాకు తెలీదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి, "ఆ మడిసిని పీక్కు తినకు అన్నియ్యా" అంది. మావయ్యకి వినపడలేదు. వినపడలేదని నేననుకోను.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. రేకు బిగించిన చట్రం బల్ల మీద పెట్టడం, చీర వేలాడదీయడం, రెండు దెబ్బలు, ఎదురుచూడటం, చీకటి పడకముందే బస్సుకి వెళ్లిపోవడం. ఒక్క రివిట్టు కూడా పడలేదు. నేను గమ్ముతో అంటించేస్తాను, ఇంజను అయిపోతుంది అంటే ససేమిరా అన్నాడు. నాకు ఆ ఇంజనన్నా, ఆదివారమన్నా అసహ్యం పుట్టింది. మావయ్య మీద కోపం ఎంతుండేదో, వెళ్లిపోతున్నప్పుడు ఆ ఒంగిన వీపు చూస్తే జాలి అంతుండేది. రెండిట్లో ఏదో ఒకటే ఉంటే బాగుండేది.

ఒక ఆదివారం నాన్న నా వైపు చూశాడు. మావయ్య అప్పటికే రెండు దెబ్బలు వేసి అవతల కాచుక్కూర్చున్నాడు. నాన్న ఎడమ చేత్తో కుడి చేతికున్న తువ్వాలు ముడి పట్టుకుని, మెల్లిగా, చప్పుడు కాకుండా లాగాడు. ముడి ఊడింది. డాలీని ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. అది చేస్తున్నంతసేపూ నా కళ్లలోకే చూస్తున్నాడు. నేను రివిట్టు జారకుండా చిమ్టాతో పట్టుకున్నాను. నాన్న డాలీతో రేకు వెనక ఒక్క దెబ్బ వేసి, ఆనించి నొక్కిపట్టాడు.

చీర అవతల మావయ్య సుత్తి చప్పుడు. చిన్న చిన్న దెబ్బలు, ముద్దుగా, వరసగా. "పడింది" అన్నాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "పడింది బావా. పడింది."

ఆయన లేచి వచ్చేలోగా నాన్న డాలీని కుడి చేతిలోకి తోసేశాడు, నేను తువ్వాలు చుట్టేశాను. మావయ్య ఆ కుడి చేతిని రెండు చేతులతో పట్టుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ చూసింది. నేను తువ్వాలు చుట్టడమూ చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మావయ్యని పట్టలేకపోయాం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పాడు. ఊళ్లో చెప్పాడు. యార్డులో సూపర్‌వైజరుకి చెప్పి, తన గన్నుకి నూనె రాసి దాచి ఉంచమన్నాడట, గురువులు లేచి వచ్చేస్తన్నాడని. మాకు మామిడి తాండ్ర తెచ్చాడు. "సూసినావా సెల్లీ, డాక్టర్లకేటి తెలుసు" అన్నాడు అమ్మతో. అమ్మ తాండ్ర ముక్క చేతిలో పట్టుకుని, "అవునన్నియ్యా" అంది. ప్రతి ఆదివారం రివిట్లు వరసకట్టి పడుతూనే ఉన్నాయి. ఆవగింజంత తలలు, దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో. నాన్న కూడా మారాడు. ఆదివారం పొద్దున్నే గడ్డం గీయమని బుగ్గ చూపించేవాడు. ఎడమ చెయ్యే అయినా, అబద్ధమే అయినా, ఆ కాసేపూ ఆయన డాలీ మనిషే కదా. అందుకే నేను చెప్పలేదు. ఈ ఇంట్లో సంతోషం అనేది వచ్చి చాలా రోజులైంది. దాన్ని ఎవరు వెళ్లగొడతారు?

రేకు పూర్తయిన రోజు మావయ్య చట్రం మరలు విప్పాడు. విప్పగానే రేకు చిన్నగా టంగుమంది. చేతిలోకి తీసుకుని చూస్తే, వేయించిన అప్పడంలా వంపు తిరిగిపోయి ఉంది. ప్రతి దెబ్బకీ కాస్త కాస్త సాగి, చట్రంలో బిగించి ఉన్నంతకాలం అణిగి ఉండి, వదలగానే బయటపడింది. టాంకీ మీద పెట్టి చూశాడు. ఒక మూల ఆనితే ఇంకో మూల లేస్తోంది. స్క్రూ కన్నాలు ఎక్కడా కలవలేదు. వేలితో నొక్కి చూశాడు. తిరగేసి చూశాడు. పుస్తకంలో రాసిన మాటే అది, నేను చదివి వినిపించిన మాటే. ముందే చెప్పానుగా అని నేనప్పుడు అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే మావయ్య వేలు రేకు మీద ఒకచోట ఆగిపోయింది.

రేకుకి నాన్న కూర్చున్న వైపు, రివిట్టు తలల పక్కన, డాలీ జారినచోట సన్నటి గీతలున్నాయి. నేను వాటిని అంతవరకు పట్టించుకోలేదు. మావయ్య ఒక గీత మీద వేలు పెట్టాడు, తర్వాత దాని పక్కదాని మీద, ఆ తర్వాత దాని పక్కదాని మీద. అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. ఆయన డాలీ పట్టినట్టు ఖాళీ కుడి పిడికిలి బిగించి రేకుకి ఆనించి చూశాడు. తర్వాత ఎడమ చేత్తో ఆనించి చూశాడు. ఎడమ చెయ్యి ఆ గీతల మీద సరిగ్గా వాలింది.

నాన్న దిండు మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు.

మావయ్య నన్ను వాకిట్లోకి రమ్మని సైగ చేశాడు. గుమ్మం దాటాక, "నీకు తెలుసా?" అన్నాడు. తలూపాను. "సెల్లికి?" మళ్లీ తలూపాను.

"అయితే నానొక్కడినే సెవిటోణ్ణన్నమాట" అన్నాడు. కోపం లేదు. కోప్పడితే బాగుండునని నాకనిపించింది. చెప్పులు వేసుకున్నాడు, మళ్లీ విప్పాడు, లోపలికి వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఎళ్లొస్తాను బావా" అని గట్టిగా చెప్పాడు. నాన్న కళ్లు తెరవకుండానే "బావ" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నపు ఎండలోనే బస్సుకి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం వస్తాడనుకోలేదు. వచ్చాడు. సంచిలో సుత్తి లేదు, చట్రం లేదు. కాఫీ తాగుతూ, గన్ను ఎవరికైనా ఇచ్చేయమని సూపర్‌వైజరుకి చెప్పానన్నాడు. "ఉత్తినే తుప్పు పట్టిపోతది" అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి, రెండో పక్క రేకు, రివిట్ల కవరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ గమ్మేదే అమ్మీ? ఇలగియ్యి."

గుమ్మం దగ్గర వెలుతురు బాగుంటుందని అక్కడ చాప వేసుకుని కూర్చున్నాడు, వీధి వైపు మొహం, మంచం వైపు వీపు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాడు. రివిట్టు దూర్చి, వెనకాల చుక్క గమ్ము పెట్టి, బొటనవేలితో నొక్కి, మిగిలిన తోకని గోళ్లు తీసుకునే కట్టరుతో కత్తిరించాడు. ఒక్క దెబ్బ అక్కర్లేదు. అవతల ఎవరూ అక్కర్లేదు. రేకు చదునుగా, నున్నగా ఉంది. పనైతే చాలా అందంగా వస్తోంది. వంపు తిరిగిన పక్కని గోడ వైపు పెట్టి, ఈ పక్క బయటికి కనపడేలా టీవీ పక్కన పెట్టుకోవచ్చన్నాడు, తల తిప్పకుండా.

నాన్న పొద్దున్నే గడ్డం గీయించుకుని దిండ్లకి ఆని కూర్చున్నాడు. బల్ల మీద చీర కోసం, చట్రం కోసం చూశాడు. డాలీ మంచం కింద మూల పడి ఉంది. చాలాసేపు ఆ వీపునే చూశాడు.

"బావ" అన్నాడు.

మావయ్యకి వినపడలేదు. ఆ మాటకి మేమెవరమూ తల తిప్పం కూడా.

నాన్న ఎడమ చెయ్యి దుప్పటి లోంచి తీసి, వేళ్లు ముడిచి, మంచం ఇనప చట్రం మీద ఒక్క దెబ్బ వేశాడు. రెండు దెబ్బలు ఎవరూ వేయలేదు. ఎవరూ అడగలేదు. అయినా వేశాడు, పట్టాను అని. వేసి, అవతల నుంచి సుత్తి పడుతుందేమోనని ఆ చట్రాన్ని అలాగే గట్టిగా పట్టుకున్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ నా వైపు చూసింది. మావయ్యని పిలవొచ్చు, భుజం తట్టి చూపించొచ్చు. పిలిచి ఏమని చెప్పాలో ఇద్దరికీ తెలీలేదు. నాన్న మళ్లీ ఒక్క దెబ్బ వేశాడు. మావయ్య కవరులోంచి ఇంకో రివిట్టు తీసి, కన్నంలో దూర్చి, చుక్క గమ్ము పెట్టి, ఆరేదాకా బొటనవేలితో నొక్కిపట్టుకున్నాడు.